మూడు బోర్లు

స్పోర్ట్సు కారు అనగానే మన హాస్టలు మిత్రులకు రెండు తలుపులు, ఎర్ర రంగు, నేలకు జానెడెత్తు గుర్తుకొస్తాయి. మాది తెల్ల రంగు, నాలుగు తలుపులు, 1997 మోడలు మారుతి 800. దీన్ని స్పోర్ట్సు కారంటే నవ్వేవాళ్లకు రెండు సంగతులు మనవి చేయాలి. ఈ 796 సి.సి. ఇంజనునే ఒంటిసీటు బండ్లకు బిగించి, ఫార్ములా మారుతి అనే పేరుతో మద్రాసు దగ్గరి శ్రీపెరుంబుదూరు ట్రాకు మీద పందేలు నడిపారు. 2005లో ఫార్ములా వన్‌లో పోటీ చేసిన మొదటి భారతీయుడు నరైన్ కార్తికేయన్ పందేల ఓనమాలు దిద్దింది అలాంటి బండి మీదే. ఇక రెండోది. ఇదే వంశంలోని ఇంకా చిన్న ఇంజనుకు, 543 సి.సి. దానికి, సుజుకీ వారు 1987లో జపానులో టర్బో తగిలించి, ఆల్టో వర్క్స్ అనే కారులో 64 హార్స్‌పవర్ పిండారు. మన కార్బురేటరు 800కు నలభై లోపే.

ఈ రెండో సంగతే మా ధర్మవరం మిత్రుణ్ణి నిద్రపోనీయలేదు. "తమ్ముడికి అరవై నాలుగు, అన్నకు నలభై! ఇదేం న్యాయంరా?" అని వాడి వాదన. పైగా మనది పీఠభూమి. సముద్రమట్టానికి వెయ్యి అడుగులకు పైన ఉన్నాం గనుక గాలి కోస్తా కన్నా మూడు నాలుగు శాతం పలచన. కాబట్టి టర్బో అనేది అనంతపురం జిల్లావాళ్ల హక్కు అని కూడా తేల్చాడు. రాయలసీమ హక్కుల జాబితాలో ఇది ఎన్నోదో నాకు తెలియదు.

కారు మా నాయనది. రాప్తాడులో మా ఇంటి ముందు వేపచెట్టు కింద రెండేళ్లుగా కదలకుండా ఉండింది. నీలంగా పొగ కక్కుతుందనీ, ఆయిలు తాగుతుందనీ పక్కన పెట్టేశాడు. పాత ఇనుము వ్యాపారి పద్ధెనిమిది వేలు ఇస్తానన్నాడు. 2024 ఏప్రిల్లో నేను పోయి, "నాయనా, పరీక్షలయినాక నలుగురం కలిసి ఇంజను విప్పుతాం, అమ్మొద్దు" అని అడిగాను. ఆయన కాసేపు ఆకాశం కేసి చూసి, "పదును వాన పడేదాకా మీ ఇష్టం. పదునయితే ఇత్తనం గావల్ల. ఆ పొద్దు అమ్మేచ్చా" అన్నాడు.

కోస్తా మిత్రులకు పదును అంటే కత్తికి ఉండేది. మాకు అది భూమికి వచ్చేది. నాగలి సాలు లోతున తడి దిగి, చేత్తో పిడికెడు మట్టి తీసి నొక్కితే ముద్ద కట్టాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల కురిసే నేల మాది. జూన్, జూలైలలో ఆ ఒక్క వాన తప్పితే చెనక్కాయ విత్తేది తప్పుతుంది. ఊరంతా మబ్బు కోసం మెడలు ఎత్తి చూసే వేసవిలో, వేపచెట్టు కింద నలుగురు మాత్రం ఎండను తిట్టకుండా ఉండినారు. మా అవ్వకు ఇది అర్థమయింది. "మీ బండి కోసరం వాన్ని ఆపుతారేమిరా?" అని నన్ను ఒక చూపు చూసింది. ఆపే శక్తి ఉంటే ముందు తెప్పించే శక్తి సంపాదించేవాళ్లం కదా అన్నాను. ఆమె నవ్వలేదు.

ఇంజనును మా చిన్నాయన షెడ్డుకు చేర్చాం. జాతీయ రహదారి పక్కన రేకుల షెడ్డు అది. ట్రాక్టర్లు, మోటర్లు, ఒక్కోసారి బోరుబండి వాళ్ల కంప్రెసర్లు వస్తాయి. అక్కడ కూర్చుంటే దక్షిణం నుంచి పెద్ద ట్రెయిలర్ల మీద కొత్త కార్లు పోతూ కనిపిస్తాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టింది. మొదట తయారయిన సెల్టోస్‌లోనే 1.4 లీటర్ల టర్బో పెట్రోలు రకం ఉండేది. అంటే మనం గొప్ప పరిశోధనగా భావించుకొంటున్న వస్తువు కళ్ల ముందే పదులకొద్దీ, తాడు కట్టించుకొని, హైదరాబాదు వైపు పోతూ ఉంటుంది! ధర్మవరం వాడు ప్రతి ట్రెయిలరుకూ లేచి నిలబడేవాడు.

టర్బో అంటే ఏమిటో సాహిత్య విద్యార్థుల కోసం నాలుగు మాటలు. సైలెన్సరులోకి వృథాగా పోయే వేడి పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పుతారు. అదే ఇరుసు రెండో చివర ఇంకో చక్రం ఉండి, బయటి గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది. ఎక్కువ గాలి పోతే ఎక్కువ పెట్రోలు కాలుతుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బుషి 1905లోనే దీనికి పేటెంటు పొందాడు. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే ఆ ఇరుసు పలుచని ఆయిలు పొర మీద తేలుతూ ఉంటుంది. ఆ ఆయిలు తిరిగి కిందికి జారేది కేవలం తన బరువుతోనే. ఈ చివరి మాట గుర్తుంచుకోండి.

మా టర్బో ఒక చిన్న డీజిలు కారుది. పాతసామాన్ల అంగడిలో మూడున్నర వేలకు దొరికింది. చక్రం పిడికిలిలో ఇమిడేంత. నలుగురం కలిపి వేసుకొన్నది తొమ్మిదిన్నర వేలు కనుక చేతిలో మిగిలింది ఆరు.

విప్పడం మొదలయింది. ఆయిలు దించడం, రేడియేటరు తీయడం, కార్బురేటరు, టైమింగు బెల్టు, రాకర్లు: ఇవన్నీ ఎవరైనా తీస్తారు. హెడ్డు బోల్టులు మాత్రం బయటి నుంచి లోపలికి, కొంచెం కొంచెంగా, వరస తప్పకుండా వదులు చేయాలి. లేకుంటే అల్యూమినియం హెడ్డు వంకర పోతుంది. మా తాడిపత్రి మిత్రుడు ప్రతి బోల్టునూ అట్టముక్కలో గుచ్చి, పక్కన పేరు రాశాడు. వాడి నోటుపుస్తకాలు ఎప్పుడూ అంత శుభ్రంగా ఉండవు. చిన్నాయనకు ఈ రాతకోతలు వింత. ఆయన బోల్టులన్నీ ఒకే చట్టిలో వేసి, బిగించేటప్పుడు చేత్తో తడిమి తీస్తాడు, తప్పు పోడు.

హెడ్డు లేచింది. పిస్టన్ల మీద నల్లటి మసి. సిలిండరు పై అంచు దగ్గర గోరు పెట్టి గీస్తే ఒక మెట్టు తగిలింది. రింగు తిరిగిన మేర గోడ అరిగి, తిరగని చోట అరగక మిగిలిన మెట్టు అది. ఉరవకొండ నుంచి వచ్చిన మా క్లాసు అమ్మాయి లెక్కల్లో దిట్ట. డయల్ గేజి పట్టుకొని మూడు సిలిండర్లలో పైన, నడుమ, అడుగున, అడ్డంగా నిలువుగా కొలిచి రాసుకొంది. కొత్తలో 68.5 మిల్లీమీటర్లు ఉండవలసినది మొదటి దాంట్లో పైభాగాన 68.72. అడుగున 68.55. పై రింగును సిలిండరులో పెట్టి సందు కొలిస్తే, మామూలుగా 0.2, 0.3 ఉండవలసిన చోట 0.9 వచ్చింది. ఆమె గేజి తుడిచి మళ్లీ పెట్టింది. మళ్లీ 0.9.

మిగతావాళ్లు వయస్సు మీద నెట్టేశారు. ఆమెకు నచ్చలేదు. వయస్సుతో అరిగితే పైన ఇంతగా, అడుగున అంత తక్కువగా ఎందుకరుగుతుంది? ఎయిర్ ఫిల్టరు డబ్బా తెచ్చి మూత తీశాం. మూత కింది రబ్బరు ఎండి, పగిలి, ఒకవైపు వేలెడంత తెగిపోయి ఉంది. ఫిల్టరు దాటాక శుభ్రంగా ఉండవలసిన లోపలి గోడకు ఎర్రమన్ను, కుంకుమ రాసినట్టు, మెత్తగా. మా చేలోని మన్నే. అందులో ఉండేది పలుగురాయి పొడి. ఇనుమును కూడా తినగలదు. గాలితోపాటు పైనుంచి వచ్చి ఆయిలు పొరలో కలిసి, ముందు పై రింగునూ దాని చుట్టూ ఉన్న గోడనూ సానబట్టింది.

ఈ బుల్లి ఇంజను పూర్తి వేగంలో నిమిషానికి సుమారు 1900 లీటర్ల గాలి పీలుస్తుంది. బిందెల లెక్కన నూటపాతిక! మా వీధి కొళాయి దగ్గర పొద్దంతా అన్ని బిందెలు నిండవు. ఎన్నేళ్లుగానో చేని దారుల్లో నిమిషానికి నూటపాతిక బిందెల దుమ్ముగాలి మింగిన ఇంజను ఇది. దానికి ఇంకో నలభై శాతం తాపుతామని మేం బయల్దేరాం.

ధర్మవరం వాడు ఒప్పుకోలేదు. దుమ్ము ఫిల్టరు మారిస్తే పోతుంది, కంప్రెషను తగ్గిస్తే చాలు అన్నాడు. నిజమే, అందుకూ లెక్క ఉంది. 8.7 ఉన్న నిష్పత్తిని 8కి దించాలంటే హెడ్డు కింద మిల్లీమీటరుకు కాస్త తక్కువ మందం రాగి పలక చాలు. ఉరవకొండ అమ్మాయి కాగితం మీద రెండు నిమిషాల్లో తేల్చింది. కాని అదే కాగితం వెనుక ఇంకో లెక్క వేసింది. మన మే నెల గాలి 40 డిగ్రీలు. దాన్ని 1.4 రెట్లు నొక్కితే టర్బో దాటేసరికి 90 దరిదాపు. అంత వేడిగాలిలో పెట్రోలు నిప్పురవ్వ కోసం ఆగదు, తనంతట తాను పేలుతుంది. ఆ సుత్తిదెబ్బలకు మొదట విరిగేది పిస్టను రింగుల నడిమి గట్లు. చల్లార్చే ఇంటర్‌కూలరు వేరే కొనాలి. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్ అనే టర్బో కారు వచ్చింది. ఈ పేలుడు ఆపడానికి దానికి వేరే తొట్టి పెట్టి, శుద్ధజలం, మిథనాలు కలిపి పోయమన్నారు. కొన్నవాళ్లు చాలామంది పోయడం మరిచారట. నీళ్లు పోయకుండా నడిచే వస్తువు మీద మనుషులకున్న నమ్మకం రాప్తాడుకే పరిమితం కాదు.

అసలు పేచీ రింగుల దగ్గర. 0.9 సందులోంచి మంట కిందికి జారి, ఇంజను అడుగు డబ్బాలో ఒత్తిడి పెరుగుతుంది. అక్కడ ఒత్తిడి ఉంటే టర్బో నుంచి బరువుతో జారవలసిన ఆయిలు జారదు. సీలు దాటి గాలిలో కలిసి, మళ్లీ నీలం పొగే. గుర్తుంచుకోమన్నది ఇందుకే.

ఆ సాయంత్రం నాయన షెడ్డుకు వచ్చాడు. చిన్నాయన ఇంజను కేసి చూపించి, "మూడింటికీ బోరు ఏపించాల్లన్నా" అన్నాడు. సిలిండరు గోడ తొలిచి పెద్ద పిస్టను వేయడాన్ని మెకానికులు అనే మాట అది.

నాయన మొహం మారిపోయింది. "మళ్ల బోరా? మూడా? యాడియిరా దుడ్లు?"

అందరం నవ్వినాం. నాయన కూడా ఆఖర్న నవ్వినాడు. కాని ఆ మాట వెనుక మా ఇంటి చరిత్రే ఉంది. 2009లో 450 అడుగులు, 2014లో 620, 2018లో 850: మూడు బోర్లు. మొదటిది నాలుగేళ్లు పోసింది, రెండోది ఒక పంట. మూడోదాన్ని నేను కళ్లారా చూశాను. బోరుబండి కంప్రెసరు గాలిని లోపలికి కొడుతుంది. ఆ గాలి కింద నలిగిన రాయిని పైకి తోస్తుంది. తడి తగిలితే బురద రావాలి. తెల్లారేదాకా తెల్లటి పొడే వచ్చింది. నాయన కదలకుండా నిలుచున్నాడు, తల, మీసం, చొక్కా అంతా తెల్లగా. ఇంకో యాభై అడుగులు పొమ్మంటారా అని బండివాడు అడిగితే పొమ్మన్నాడు. అట్లా రెండుసార్లు.

నేను ఆ రాత్రి నా అభిప్రాయం చెప్పాను. చేతిలోని ఆరు వేలు రాగి పలకకూ, మానిఫోల్డు వెల్డింగుకూ పెడితే ఇంజను షెడ్డులో బల్ల మీద మాత్రమే అరుస్తుంది; మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం అట్లా మార్చిన బండిని రోడ్డు మీదికి తేలేం. అదే దుడ్లు బోరింగుకూ, అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్లకూ పెడితే కారు నడుస్తుంది, నడిచే కారుకు వేరే ధర వస్తుంది. ధర్మవరం వాడు లేచి బయటికి పోయాడు. ఇంజను మాది కాదు, నాన్నగారిది అని తాడిపత్రి వాడన్నాడు. ఉరవకొండ అమ్మాయి కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకొంది. ధర్మవరం వాడు అరగంట తర్వాత వచ్చి, "సరే, కాని ఫిల్టరు మూత నేనే బిగిస్తా" అన్నాడు.

బోరింగు అనంతపురంలో చేయించాం. సిలిండరు గోడల మీద హోనింగు గీతలు అడ్డదిడ్డంగా, సన్నని నేతలా ఉంటాయి. ధర్మవరం వాడికి అది నచ్చిందంటే ఆశ్చర్యం లేదు. బిగించడానికి పన్నెండు రోజులు పట్టింది, చట్టి పద్ధతికీ అట్ట పద్ధతికీ జరిగిన యుద్ధాలతో కలిపి. జూన్ 4 మధ్యాహ్నం కారు స్టార్టయింది. మొదట కొత్త ఆయిలు పొగ కొంచెం, తర్వాత ఏమీ లేదు. సైలెన్సరు దగ్గర తెల్లగుడ్డ పట్టుకొని చూశాం.

ఆరో తేదీ రాత్రి వాన పడింది. పొద్దున్నే నాయన చేలోకి పోయి, పిడికిట్లో మట్టితో తిరిగి వచ్చాడు. మాట్లాడకుండా ఆ ముద్దను కారు బానెట్టు మీద పెట్టాడు. రెండు రోజుల్లో బత్తలపల్లి నుంచి ఒకాయన వచ్చి ముప్పై ఎనిమిది వేలకు బేరం కుదుర్చుకొని, బయానా ఇచ్చి పోయాడు. అప్పగించే ముందు ఆ కారులోనే పోయి కె-6 విత్తనం మూటలు తెచ్చాం. వెనుక సీటు తీసేసి మూటలు వేశాం. నాయన పక్కన కూర్చున్నాడు, నేను నడిపాను. గంటకు అరవై దాటనీయలేదు.

టర్బో ఇప్పుడు మన ల్యాబులో ఉంది. డబ్బాను గ్రైండరుతో సగానికి కోసి, రెండు చక్రాలూ కనిపించేట్టు చెక్కకు బిగించాం. ధర్మవరం వాడు మాత్రం ఇంకా నాతో వాదిస్తూనే ఉన్నాడు: కొత్త పిస్టన్లు పడినాయి గదా, రాగి పలక వేసి 0.2 బార్‌తో ఒక్క రోజు నడిపి ఉండవచ్చునని. నడిపి ఉండవచ్చు. ఆ లెక్క కాగితం ఉరవకొండ అమ్మాయి దగ్గర భద్రంగా ఉంది.