ఐనవిల్లి పచ్చదనము

కోటిపల్లి రేవున గౌతమిని దాటి ముక్తేశ్వరము మీదుగా ఐనవిల్లికి బోవువారికి మొదట గోచరించునది పచ్చదనము. అయినను అది యొక్క పచ్చ కాదు. లేతవరిది పసుపు కలసిన పచ్చ. ముదురు కొబ్బరియాకుది నీలిమ కలసిన పచ్చ. అరటియాకుది వెలుతురు చొరబడిన పచ్చ. సిద్ధివినాయకుని దర్శనమునకు వచ్చు సోదరీమణులు కాగితమును, నీటిరంగులను వెంట దెచ్చుకొనినచో ఈ భేదములు చక్కగా దెలియవచ్చును.

నీటిరంగుల చిత్రమున తెలుపనగా కాగితపు తెలుపే. కావున కాలువమీది మెఱుపునకై ఆ తావును ముందే విడిచిపెట్టవలెను. ఇచ్చటి తేమగాలిలో పూత మెల్లగా నారును. దూరపు తోటలను తడికాగితముపై వేసినచో అవి మంచులోవలె గలసిపోవును. దగ్గఱి చెట్లకు మాత్రము పూత ఆఱువఱకు ఓపిక పట్టవలెను. సంధ్యవేళ నల్లబడిన కొబ్బరిమ్రాకులకు బొగ్గుకడ్డియు, మబ్బులకు వ్రేలితో నలుమదగిన మెత్తని రంగుసుద్దలును తగియుండును.

గృహిణులకు ఈ విద్య యేల యందురా? గోదావరీతీరపు చిత్రకారులు దామెర్ల రామారావుగారు 28వ యేటనే, 1925లో, మశూచిచే గతించిరి. వారి చిత్రములను రాజమహేంద్రవరమున వారి పేర నున్న చిత్రశాలలో నేటికిని చూడవచ్చును. వారి భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రములు వ్రాసినవారే.

కోనసీమలో వరిచేలు రొయ్యల చెరువులగుచున్న దినములివి. పనులు ముగిసిన పిమ్మట ఒక్క గడియ కూర్చుండి మన పెరటి పచ్చదనమును మన చేతితో వ్రాసియుంచినచో, బిడ్డలకు చూపుటకు అదియైనను మిగులును.