సముద్రం లేని ఊళ్లో తిమింగలం

అమెరికాలో ఫ్లోరిడా అనగానే సముద్రం గుర్తొస్తుంది. కానీ ఆ రాష్ట్రంలో పర్యాటకులు ఎగబడి వెళ్లే ఒర్లాండో నగరానికి సముద్రం లేదు! అలల చప్పుడు వినాలంటే కార్లో గంటసేపు ప్రయాణం చేయాలి. అలాంటి చోట ఉప్పునీటిని తయారుచేసి, కొలనులు నింపి, అందులో తిమింగలాల్ని ఈదించే పార్కు ఒకటుంది. పేరు సీవరల్డ్. 1973 డిసెంబరులో తలుపులు తెరిచింది. డిస్నీవరల్డ్‌కి వెళ్లిన తెలుగు కుటుంబాలు పనిలో పనిగా ఇక్కడా ఒక రోజు గడిపి రావడం మామూలే.

1998 వేసవిలో అట్లాంటా నుంచి అలాగే ఓ కుటుంబం బయల్దేరింది. నాన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అమ్మ, తొమ్మిదేళ్ల కొడుకు, చీరాల నుంచి ఆర్నెల్ల వీసా మీద వచ్చిన నాన్నమ్మ. ఏడొందల కిలోమీటర్ల దారి. వెనక సీట్లో పులిహోర డబ్బా, పెరుగన్నం గిన్నె, మామిడికాయ పచ్చడి. దారి పొడవునా పిల్లాడిది ఒకటే పాట... ‘షామూని ఎప్పుడు చూస్తాం?’

‘ఎవర్రా ఆ షాము?’ అంది నాన్నమ్మ.

‘తిమింగలం నాన్నమ్మా! నలుపూ తెలుపూ ఉంటుంది. మనుషుల్ని వీపు మీద ఎక్కించుకుంటుంది!’

చీరాల ఓడరేవు అలల్లో పెరిగిన మనిషి ఆవిడ. సముద్రం ఆవిడకు కొత్త కాదు. కానీ మనిషిని ఎక్కించుకునే తిమింగలమా? నమ్మలేదు.

పొద్దున్నే గేటు దాటారు. ముందు పెంగ్విన్లు. గాజు గోడకు అవతల మంచు, ఇవతల నిలబడితే చాలు, తనే కదిలే బాట. నాన్నమ్మ దాని మీద అడుగు పెట్టడానికి భయపడి కొడుకు చెయ్యి పట్టుకుంది. తర్వాత సొరచేపల సొరంగం. తల మీద నుంచి, భుజాల పక్క నుంచి తెల్లటి పొట్టలతో సొరచేపలు ఈదుకుంటూ పోతుంటే పిల్లాడు అమ్మ చున్నీలో దూరాడు. సీలయన్ల నాటకం చూసి కడుపుబ్బ నవ్వారు. డాల్ఫిన్ల కొలను దగ్గర డబ్బులు కట్టి చిన్న చేపల ట్రే కొన్నారు. ఒక డాల్ఫిన్ నీళ్లలోంచి మూతి పైకెత్తి నోరు తెరిచింది. పిల్లాడి వేళ్లకు దాని చర్మం తగిలింది. ఉడికించిన కోడిగుడ్డు పెంకు తీస్తే ఎలా ఉంటుందో అలా... తడిగా, నున్నగా. ఆ స్పర్శ పాతికేళ్లు దాటినా వాడికి గుర్తే.

మధ్యాహ్నం పార్కింగులో కారు డిక్కీ తెరిచి పులిహోర తిన్నారు. ఫ్లోరిడాలో వేసవి సాయంత్రాల్లో ఉరుములతో వాన పడటం రివాజు. మబ్బులు కమ్మకముందే షామూ స్టేడియంకి పరుగెత్తారు.

ముందు వరుసల్లో కూర్చుంటే తడుస్తారని బోర్డులున్నాయి. పిల్లలంతా అక్కడే! ‘అమ్మా, నువ్వు వెనక కూర్చో, తడిసిపోతావు’ అన్నాడు కొడుకు.

‘తడిస్తే ఏమైందిరా? కార్తీక పౌర్ణమికి చలిలో సముద్రస్నానం చేసేదాన్ని’ అంటూ వెంకటగిరి చీర కుచ్చిళ్లు దోపుకుని మనవడి పక్కనే కూర్చుంది.

పాట మొదలైంది. నీలం నీళ్లలో ఒక నల్లటి నీడ కదిలింది. మరుక్షణం లారీ అంత జీవి గాల్లోకి లేచి, ఒళ్లు తిప్పి, ధబ్బుమని పడింది. ట్రైనర్లు దాని వీపు మీద నిలబడ్డారు, దాని ముక్కు మీద నుంచి పైకెగిరి నీళ్లలోకి దూకారు. చివర్లో అన్నిటికన్నా పెద్దదైన మగ తిమింగలం వచ్చింది. దాని వీపు మీద రెక్క నిటారుగా లేదు, ఒక పక్కకు వాలిపోయి ఉంది. తోకతో ఒక్క చరుపు చరిచింది. చల్లటి ఉప్పునీళ్లు గోడలా వచ్చి మీద పడ్డాయి. పిల్లాడు కేరింతలు కొట్టాడు. నాన్నమ్మ చీర, జడ, కళ్లజోడు అన్నీ తడిసి ముద్ద. ఆవిడా పకపకా నవ్వింది. అమ్మ తీసిన ఫొటోలో ఇద్దరూ అలాగే ఉన్నారు.

నవ్వు ఆగాక చీర పిండుకుంటూ నాన్నమ్మ ఒక మాట అడిగింది.

‘ఇంతకీ దీని తల్లి ఏదిరా?’

కొడుకు దగ్గర జవాబు లేదు. ‘ఇక్కడే ఎక్కడో ఉంటుందిలే అమ్మా’ అన్నాడు. బయటికొస్తూ పిల్లాడికి నలుపూ తెలుపూ గుడ్డ బొమ్మ కొనిచ్చాడు. పెద్దయ్యాక షామూ ట్రైనర్ అవుతానని వాడు ఆ రాత్రే ప్రకటించేశాడు.

పిల్లాడికి అప్పుడు తెలియనివి చాలా ఉన్నాయి. షామూ అనేది ఒక్క తిమింగలం పేరు కాదు. అసలు షామూని 1965లో అమెరికా వాయవ్య తీరంలోని ప్యూజెట్ సౌండ్‌లో పట్టి, కాలిఫోర్నియాలోని శాన్‌డియాగో సీవరల్డ్‌కి తెచ్చారు. అది 1971లో చనిపోయింది. పేరు మాత్రం ఉండిపోయింది. తర్వాత ఏ తిమింగలం ఆడినా ప్రేక్షకులకు అది షామూనే. ఇంకో సంగతి... వీటిని కిల్లర్ వేల్స్ అంటారు గానీ, నిజానికి ఇవి డాల్ఫిన్ల కుటుంబంలోకెల్లా పెద్దవి. ఓర్కా అన్నది అసలు పేరు.

రెక్క వాలిపోయిన ఆ పెద్ద మగ ఓర్కాలాంటిదే తిలికుమ్. అప్పట్లో ఒర్లాండో పార్కులో ఉండేది. 1983లో ఐస్‌లాండ్ దగ్గర సముద్రంలో దాన్ని పట్టేనాటికి వయసు రెండేళ్లు. మొదట కెనడాలోని ఒక పార్కులో ఉంచారు. 1991లో అక్కడ కొలనులో పడిన ఒక ట్రైనర్ ప్రాణం పోయిన ఘటనలో తిలికుమ్ కూడా ఉంది. 1992లో ఒర్లాండో తెచ్చారు. 2010 ఫిబ్రవరిలో ఇక్కడి సీనియర్ ట్రైనర్ డాన్ బ్రాంషో దాని చేతిలోనే చనిపోయారు. ఆ తర్వాత ప్రదర్శనల్లో ట్రైనర్లు ఓర్కాలతో కలిసి ఈదడం ఆగిపోయింది.

2013లో ‘బ్లాక్‌ఫిష్’ అనే డాక్యుమెంటరీ వచ్చింది. ఒకప్పటి ఆ పిల్లాడు అప్పటికి ఇరవై నాలుగేళ్ల ఉద్యోగి. టీవీలో చూశాడు. పిల్ల ఓర్కాల్ని వలల్లో వేరుచేస్తుంటే కుటుంబం మొత్తం దూరంగా పోకుండా అక్కడే తచ్చాడటం గురించి, పట్టినవాళ్లలో ఒకరు కళ్లనీళ్లతో చెప్పడం చూశాడు. ఒర్లాండోలోనే 1985లో పుట్టిన కాలినా సంగతీ విన్నాడు. మనుషుల కొలనులో పుట్టి బతికిన తొలి ఓర్కా అది. నాలుగేళ్లు దాటాక దాన్ని తల్లి కటీనా దగ్గర్నుంచి తీసి మరో ఊరి పార్కుకి పంపారు. నాన్నమ్మ పోయి అప్పటికి నాలుగేళ్లు. ‘దీని తల్లి ఏదిరా?’ అన్న మాట మాత్రం పదిహేనేళ్ల తర్వాత మళ్లీ వినపడింది.

సముద్రంలో ఓర్కాల ఇంటికి పెద్ద ఆడదే. ఉత్తర పసిఫిక్ తీరంలో ఉండే కొన్ని గుంపుల్లో కొడుకులు ఎంత పెద్దవాళ్లయినా తల్లి వెంటే తిరుగుతారు. ఇంకో వింత కూడా ఉంది. పిల్లల్ని కనే వయసు దాటాక చాలాఏళ్లు బతికే జీవులు ప్రపంచంలో అతి తక్కువ. మనుషులు, ఓర్కాలు ఆ కోవలోవే. నాన్నమ్మలు, అమ్మమ్మలు ఎందుకన్నేళ్లు బతుకుతారు? ఓర్కాల మీద 2019లో వెలువడిన ఒక అధ్యయనం జవాబు చెప్పింది. కాన్పుల వయసు దాటిన అమ్మమ్మ ఉన్న గుంపులో మనవలు బతికే అవకాశం ఎక్కువట. ముఖ్యంగా చేపలు దొరకని కరువు ఏడాదుల్లో!

పార్కుల వైపు నుంచి కూడా చెప్పుకోవాల్సింది ఉంది. పడవలు తగిలి గాయపడిన మనాటీలకు వైద్యం చేసి తిరిగి నీళ్లలో వదలడం ఒర్లాండో సీవరల్డ్ దశాబ్దాలుగా చేస్తున్న పని. ఆ గాజు గోడల ముందు నిలబడే చాలామంది పిల్లలకు సముద్రం మీద ప్రేమ పుట్టింది. ఈ పిల్లాడికీ అంతే. జనం మనసు మారడంతో 2016 మార్చిలో సీవరల్డ్ ఓర్కాల సంతానోత్పత్తి ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అంటే ఆ కొలనుల్లో ఉన్నవే ఆఖరి తరం. తిలికుమ్ 2017 జనవరి 6న చనిపోయింది.

మన దేశమూ ఈ ముచ్చట పడకపోలేదు. అదే 1998లో మహాబలిపురం దగ్గర ఒక పార్కుకి విదేశం నుంచి డాల్ఫిన్లను తెచ్చారు. కొన్ని నెలల్లోనే అవి చనిపోయాయి. 2013లో కేంద్ర ప్రభుత్వం డాల్ఫిన్ల పార్కులకు అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలకు స్పష్టంగా చెప్పేసింది.

ఆ కుర్రాడు హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డాడు. కూతురికి నాన్నమ్మ పేరే పెట్టుకున్నాడు. ఓ రోజు ఎనిమిదేళ్ల ఆ పిల్ల అటక మీది పెట్టెలో గుడ్డ తిమింగలాన్నీ, తడిసిన ఫొటోనూ పట్టుకొచ్చింది. ‘నాన్నా, నన్నూ తీసుకెళ్లవూ?’

కాదంటే ఆ ఫొటోలో నవ్వు అబద్ధమైపోతుందా? సరేనంటే తెలిసినదంతా మర్చిపోవాలా? నాలుగు రోజులు తేల్చుకోలేకపోయాడు. చివరికి 2024 జనవరిలో అందరూ పూరీ వెళ్లారు. జగన్నాథుడి దర్శనం చేసుకుని, యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న సాతపడ చేరారు. అక్కడ చిలికా సరస్సు సముద్రంతో కలిసే కాలువల్లో ఐరావడి డాల్ఫిన్లున్నాయి. మొత్తం కలిపి నూట యాభై దాకా ఉంటాయని లెక్కలు. పొడుగు మూతి ఉండదు. గుండ్రటి తల, బూడిదరంగు ఒళ్లు. ఆటలాడవు, అంతంత ఎత్తు ఎగరవు.

పడవలో గంట గడిచింది. కొంగలు, చేపల వలలు, ఎండ. ‘ఏవి నాన్నా?’ అని పాప పదిసార్లు అడిగింది. పడవవాడు ఇంజను ఆపేశాడు. అంతా నిశ్శబ్దం. కాసేపటికి ‘ఫూ...’ మని ఊపిరి వదిలిన చప్పుడు. బూడిదరంగు వీపు ఒకటి తేలి మునిగింది. దాని పక్కనే ఇంకొకటి, బుల్లిది. అంతే! రెండు క్షణాలు. ఫొటో తీసే వ్యవధి కూడా లేదు.

‘ఇంతేనా?’ అంటుందేమోనని తండ్రి బెంగపడ్డాడు. పాప నీళ్లవైపే చూస్తూ నెమ్మదిగా అడిగింది.

‘నాన్నా... పెద్దది వాళ్లమ్మా? నాన్నమ్మా?’

‘తెలీదురా తల్లీ’ అన్నాడు. పడవవాడు ఇంజను వేయబోతే, కాసేపు ఆగమని చెయ్యి ఊపాడు.