పెరట్లో పందికొక్కు, చెట్టు మీద కోతి, చేతిలో ఎయిర్ గన్

ఎయిర్ గన్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది జాతరలో బెలూన్ల స్టాల్. అట్టకి వరసగా గుచ్చిన రంగురంగుల బెలూన్లు, పట్టీ ఊడిపోయిన పాత గన్, డబ్బులిస్తే లెక్కపెట్టి ఇచ్చే పెల్లెట్లు. గురి సరిగ్గా పెట్టినా తగలదు. ఎందుకంటే ఆ గన్ సైట్ ఎప్పుడూ పక్కకే ఉంటుంది. కావాలనే అలా ఉంచుతారని నా గట్టి అనుమానం.

నేనైతే ఆరేళ్లుగా పది మీటర్ల ఎయిర్ రైఫిల్ షూటింగ్ చేస్తున్నా. ఉద్యోగం హైదరాబాద్‌లో. వీకెండ్ వస్తే రేంజ్‌కి పోతా. ఇంట్లో బీరువాలో ఇంకోటి ఉంది, మామూలు స్ప్రింగ్ గన్. ఈ సంగతి ఎవరికి చెప్పినా రెండే ప్రశ్నలు. "లైసెన్స్ ఉందా?" అని ఒకటి. "మా ఇంటి దగ్గర పావురాలు చంపేస్తున్నాయి, వచ్చి నాలుగు కొట్టవా?" అని రెండోది.

మొదటిదానికి జవాబు తేలికే. 2016 ఆయుధ నియమాల ప్రకారం బ్యారెల్ లోపలి వ్యాసం .177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, శక్తి 20 జౌళ్లు మించకుండా ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు. షాపులో గుర్తింపు కార్డు, అడ్రస్ ప్రూఫ్ అడుగుతారు. అంతే. లైసెన్స్ అక్కర్లేదు కదా, అయితే బొమ్మే అనుకుంటారు చాలామంది. అక్కడే వస్తుంది ప్రమాదం. పెల్లెట్ బరువు అర గ్రాము. మ్యాచ్ రైఫిల్లోంచి అది సెకనుకి దాదాపు 170 మీటర్ల వేగంతో వెళ్తుంది. లెక్కేస్తే ఏడు జౌళ్లు. మనం కొనే స్ప్రింగ్ గన్‌లు కొన్ని దీనికంటే గట్టివి. చర్మంలో దిగుతుంది, కంటికి తగిలితే కన్ను పోతుంది. గురి తప్పితే పక్కింటి డాబా దాటి కూడా వెళ్తుంది.

ఇక ఆటగా చూస్తే ఇంత పిచ్చి పట్టించే ఆట నాకింకోటి తెలీదు. టార్గెట్ మొత్తం 45.5 మిల్లీమీటర్లు, మన అరచేతిలో సగం. మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. పెన్ను మొనతో పెట్టిన చుక్క అనుకోండి. అది పది మీటర్ల దూరంలో ఉంటుంది. 75 నిమిషాల్లో 60 షాట్లు కొట్టాలి. ఒక్కో షాట్‌కి ఎక్కువలో ఎక్కువ 10.9. గుండె కొట్టుకున్నప్పుడల్లా బ్యారెల్ మొన కదలడం కనిపిస్తుంది. ఊపిరి కొంచెం వదిలి, ఆపి, ట్రిగ్గర్ నొక్కుతున్నట్టు వేలికే తెలియకుండా నొక్కాలి. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా గోల్డ్ కొట్టింది ఇందులోనే. 2012లో లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ బ్రాంజ్ తెచ్చిందీ ఇందులోనే. ఎయిర్ పిస్టల్‌లో మన ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్లకే నేషనల్ ఛాంపియన్ అయింది. ఆ వయసులో నేను ట్యూషన్ ఎగ్గొట్టి టీవీ చూస్తూ ఉండేదాన్ని.

స్ప్రింగ్ గన్ సంగతి వేరు. బ్యారెల్ కిందికి మడిచినప్పుడు లోపల స్ప్రింగ్ బిగుస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకి గాలిని ఒత్తుతుంది, ఆ గాలి పెల్లెట్‌ని తోస్తుంది. పెల్లెట్ బయటికి వచ్చేలోపే గన్ ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి ఎగురుతుంది. గట్టిగా పట్టుకుంటే గురి చెదిరిపోతుంది. కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోవాలి. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని నలిపేస్తారు. ఇంకో మాట, పెల్లెట్ లేకుండా ఖాళీగా పేల్చకండి. అడ్డుపడే గాలి పొర లేక పిస్టన్ నేరుగా వెళ్లి గుద్దుకుంటుంది, గన్ పాడవుతుంది.

రెండో ప్రశ్నకి జవాబు కావాలంటే మా అమ్మమ్మ ఊరికి రావాలి. జగిత్యాల దగ్గర. పెంకుటిల్లు, వెనక పెద్ద పెరడు. జామ, సీతాఫలం, రెండు మామిడి చెట్లు, వంటింటి గోడ పక్కన గుమ్మడి పాదు. పోయినేడు అక్కడ రెండు గొడవలు ఒకేసారి మొదలయ్యాయి.

మొదటిది పందికొక్కులు. పట్నంలో ఎలుకని చూసి అరిచేవాళ్లు దీన్ని చూస్తే ఏమవుతారో. కిలో దాకా తూగుతుంది. గోడ కింద తవ్వి తవ్వి వడ్లు పోసిన అర్ర పునాదే గుల్ల చేశాయి. బస్తాలకి కన్నాలు పడ్డాయి, కందగడ్డ ఒక్కటీ మిగల్లేదు. ఎలుకల మందు పెడితే అవి తినలేదు, పిల్లి మాత్రం చచ్చింది. అమ్మమ్మ ఆ రోజు నుంచి మందు ఇంట్లోకి రానివ్వలేదు. ఆవిడే ఫోన్ చేసి అడిగింది. "బిడ్డా, నీ తుపాకి తీస్కొని రారాదు."

తీసుకెళ్లా. మొదటి రాత్రి ఒక్క షాట్ కూడా పేల్చలేదు. అవి ఏ దారిన వస్తున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి అని చూశానంతే. పందికొక్కుకి రోజూ ఒకటే దారి, గోడ వారగా. రెండో రోజు పొద్దున ఆ కన్నం ముందు కందగడ్డ ముక్క పెట్టి, దాని వెనక ఇసుక బస్తాలు మూడు వరసలు పేర్చాం. తగలకపోతే పెల్లెట్ అందులోనే ఆగాలి. గోడ రాయిది, సీసం పెల్లెట్ కూడా రాయికి తగిలి ఎటైనా ఎగరొచ్చు. నేను కూర్చున్న అరుగు నుంచి ఎనిమిది మీటర్లు. మేనమామ పిల్లలిద్దర్నీ లోపలికి పంపి తలుపు గడియ పెట్టించా. టార్చ్‌కి ఎర్ర ప్లాస్టిక్ కవర్ కట్టా.

నాకు ఒకటే రూల్. అది కదలకుండా తింటూ ఉండాలి, తల పక్కనుంచి కనబడాలి. లేదంటే కొట్టను. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్‌తో పందికొక్కు ఒళ్లు మీద ఎక్కడో కొడితే అది చావదు. కన్నంలోకి పోయి రెండు రోజులకి చస్తుంది. ఆ రాత్రి రెండుసార్లు గురి పెట్టి వదిలేశా. మూడోసారి కొట్టా. అక్కడికక్కడే పడింది.

సంతోషం వేసిందా అంటే, చెప్పడం కష్టం. పేపర్ టార్గెట్‌కి పది వస్తే ఎగిరి గంతేస్తా. ఇక్కడ చెయ్యి కాసేపు చల్లగా అయిపోయింది. చేతికి గ్లౌజు వేసుకుని గొయ్యి తవ్వి పూడ్చేశా. అలా పారేస్తే కుక్కో గద్దో తింటుంది, లోపలున్న సీసం దాని కడుపులోకి పోతుంది. పైగా ఎలుక జాతి మూత్రం నుంచి ఎలుక జ్వరం వస్తుంది, ఉట్టి చేతుల్తో ముట్టుకోకూడదు.

మూడు రాత్రుల్లో కొట్టింది మొత్తం రెండు. అదే మూడు రాత్రుల్లో మామ తెచ్చిన ఇనుప బోనులో నాలుగు పడ్డాయి. గన్ కంటే బోనే నయం, నిద్ర కూడా పాడవదు. తర్వాత కన్నాల్లో గాజు పెంకులు, కంకర వేసి సిమెంట్ పోశాం. వడ్లు ఇనుప డ్రమ్ముల్లోకి మార్చాం. ఆ పనే అసలు పని అని నాకిప్పుడు అనిపిస్తుంది. తిండి అందుతుంటే ఎన్నింటిని చంపినా కొత్తవి వస్తూనే ఉంటాయి.

ఇక రెండో గొడవ. కోతులు.

మా ఊరి కోతుల గురించి పట్నం వాళ్లకి చెబితే నవ్వుతారు. ఊళ్లో ఎవరూ నవ్వరు. నలభై దాకా ఉన్న గుంపు పొద్దున్నే దిగుతుంది. పెంకులు పీకుతుంది, వంటింట్లో దూరి అన్నం గిన్నె ఎత్తుకుపోతుంది. మక్క చేను వెయ్యడమే మానేశారు చాలామంది. కూరగాయలు, పల్లికాయ కూడా. అంతకుముందు నెలలోనే అమ్మమ్మ మెట్ల మీద కోతిని అదిలించబోతే మీదికి దూకింది. పడిపోతే మణికట్టు విరిగింది. డెబ్బై దాటిన మనిషి, ఆరు వారాలు కట్టుతో ఉంది.

పందికొక్కు సంగతి ఊరంతా పాకింది. నాలుగో రోజు పొద్దున గుంపు దిగగానే మామ, ఇంకో ముగ్గురు వాకిట్లోకి వచ్చారు. "ఏందే కోడలా, గా తుపాకి అలంకారానికా? గీ కోతుల్ని నాలుగింటిని లేపరాదు? మీ అమ్మమ్మ చెయ్యి సూడు."

"కొట్టను మామా" అన్నా.

"ఎందుకు? పాపమనా?"

పాపం ఒక్కటే కాదు. మన దగ్గర రెండు రకాల కోతులుంటాయి. దక్షిణాది కోతికి తోక పొడుగు, నెత్తిన టోపీ పెట్టినట్టు జుట్టు. ఉత్తరాది కోతికి తోక పొట్టి, వెనక భాగం ఎర్రగా ఉంటుంది. ఒకప్పుడు ఈ రెంటికీ మధ్య గీత గోదావరే. ఇప్పుడు ఉత్తరాదివి ఆ గీత దాటి ఇటు దిగుతున్నాయి. 2022లో వన్యప్రాణి చట్టం మార్చినప్పుడు ఉత్తరాది కోతిని రక్షణ జాబితాలోంచి తీసేశారు. దక్షిణాదిది మొదటి షెడ్యూల్లో ఉంది, పులితో పాటు. మామిడి కొమ్మల్లో ముప్పై అడుగుల పైన ఉన్నది ఏదో ఎవరు చెబుతారు? ఏదైనా సరే, జంతువుని హింసించడం మీద 1960 నుంచి చట్టం ఉంది. ఇదంతా చెప్పా. మామ వినలేదు. "చట్టం మా ఇంటికొచ్చి పెంకులు సర్దుతదా?" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అసలు కారణం వేరే. నా గన్‌తో కోతి చావదు. ఇది గురి సమస్య కాదు, శక్తి సమస్య. అంత జంతువుకి పెల్లెట్ కండలో దిగి ఆగుతుంది. పుండై, చీము పట్టి రోజుల తరబడి తిరుగుతుంది. పైకి పేల్చిన పెల్లెట్ తప్పిపోతే ఎవరి వాకిట్లో దిగుతుందో కూడా చెప్పలేం. చెట్టు అవతల అంగన్‌వాడీ ఉంది.

నేను ఇలా చెప్తుంటే అమ్మమ్మ అరుగు మీద నుంచి అడిగింది. "సగం సచ్చిన కోతి ఇంటి మీద కూసుంటే ఎవరు జూస్తరురా? మీరు జూస్తరా?" ఆవిడ ఊరికే అనలేదు. రెండేళ్ల కింద పక్క వాడకట్టులో ఎవరో ఎయిర్ గన్‌తో ఒక కోతిని కొట్టారట. పిల్ల తల్లి. వారం రోజులు అది గుడి ప్రహరీ మీద కూర్చుంది, చెయ్యి వాచి, పిల్లని వదలకుండా. ఆ వారమంతా గుంపు కూడా అక్కడే ఉందట. ఆడవాళ్లు నీళ్లకి కూడా ఆ దారిన పోలేదు.

మామ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆయన కోపం తప్పు అని నేను అనను. చేను పోయింది ఆయనది. నిర్మల్ దగ్గర చించోలిలో 2020లో కోతులకి కేంద్రం పెట్టారు, పట్టి తెచ్చినవాటికి ఆపరేషన్ చేసి వదులుతారు. కానీ ఊరూరా గుంపులున్నప్పుడు మా ఊరి వంతు ఎప్పుడొస్తుంది? పంచాయతీ ఒకసారి కొండముచ్చుని తెప్పించింది. అది ఉన్నన్నాళ్లు కోతులు రాలేదు. అది పోయిన మర్నాడే వచ్చాయి.

ఇలా అడవి జంతువుల మీద ఎయిర్ గన్ ఎంత తేలిగ్గా లేస్తుందో అరుణాచల్ ప్రదేశ్ చూసింది. అక్కడ ఇంటింటా ఎయిర్ గన్‌లుండేవి, పిట్టల్ని కొట్టడం అలవాటు. 2021లో ప్రభుత్వం గన్‌లు అప్పగించమని ఉద్యమంలా మొదలుపెడితే జనమే తెచ్చి ఇచ్చారు, వేలల్లో. మా మామకి ఫోన్లో ఆ ఫోటోలు చూపించా. "వాళ్లకి కోతుల్లేవేమో" అన్నాడు.

అమ్మమ్మ ఇంటి కిటికీలకి, వంటింటి వెనక వసారాకి ఇనుప జాలీ వేయించాం. నా రెండు నెలల జీతంలో సగం పోయింది. జామ చెట్టు మాత్రం కోతులకే వదిలేశాం. చేనులో మామ ఈసారి మక్క బదులు పసుపు పెట్టాడు, దాన్ని అవి పెద్దగా ముట్టవు. మామ పెద్ద కూతురు, పదకొండేళ్లది, పోయిన నెల నేను వెళ్లినప్పుడు గన్ అడిగింది. అట్టపెట్టెలో పాత పేపర్లు కుక్కి, వెనక ఇసుక బస్తా పెట్టి, పది మీటర్లు అడుగులతో కొలిచా. కళ్లద్దాలు పెట్టించి, పక్కన నిలబడి గన్ నేనే మడిచి ఇచ్చా. ఇరవై షాట్లలో పేపర్ మీద పడినవి ఏడు. అందులో ఒకటి నల్ల వృత్తం లోపల. ఆ పేపర్ చింపి పుస్తకంలో దాచుకుంది. మామ చూశాడు, ఏమీ అనలేదు. సాయంత్రం బస్సెక్కేటప్పుడు మాత్రం అడిగాడు, "కోడలా, గా పెల్లెట్ల డబ్బా ఎంత?"