రెడ్‌వుడ్ నీడలో 101 రోడ్డు

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి 101 హైవే పట్టుకుని ఉత్తరానికి 300 కిలోమీటర్లకు పైగా వెళ్తే గార్బర్‌విల్ వస్తుంది. అది దాటాక పెద్ద రోడ్డు వదిలి పాత రోడ్డులోకి దిగాలి. ఈల్ నది దక్షిణ పాయ వెంట 50 కిలోమీటర్లు సాగే ఈ దారి పేరు అవెన్యూ ఆఫ్ ద జెయింట్స్. రెండు పక్కలా నిలిచిన రెడ్‌వుడ్ చెట్ల నీడతో మిట్టమధ్యాహ్నం కూడా ఇక్కడ మసకచీకటే.

ఈ కోస్ట్ రెడ్‌వుడ్లలో కొన్ని 2,000 ఏళ్లు దాటినవి. వేళ్లు లోతుకు పోవు. పక్కలకు పాకి పొరుగు చెట్ల వేళ్లతో పెనవేసుకుంటాయి. వానలు లేని వేసవిలో పసిఫిక్ పొగమంచు వీటి దాహం తీరుస్తుంది. ఈ దారిలోని ఫౌండర్స్ గ్రోవ్ తోపులో 1991 మార్చిలో కూలిన డయర్‌విల్ జెయింట్ అనే చెట్టును ఎవరూ కదపలేదు. నిలబడి ఉన్నప్పుడు దాని ఎత్తు 110 మీటర్లు, సుమారుగా రెండు చార్మినార్లంత. ఇప్పుడా మాను మీద నాచు, ఫెర్న్‌లు పెరుగుతున్నాయి.

గొడ్డలికి బలైపోగా మిగిలిన పాత అడవి దాదాపు 5 శాతమే. అదైనా దానంతటది మిగల్లేదు. 1918లో పుట్టిన సేవ్ ద రెడ్‌వుడ్స్ లీగ్ చందాలు పోగుచేసి, ఒక్కో తోపునూ కొంటూ వచ్చింది. మరుసటి ఏడాదే ఈ అడవులున్న హంబోల్ట్ కౌంటీ మహిళలు సొంత సంఘం పెట్టుకుని నరికివేతకు ఎదురు నిలిచారు. నేటి నీడ వాళ్ల పట్టుదల ఫలితం.

ఇంకా ఉత్తరాన, ప్రెయిరీ క్రీక్ పార్కులో గుడారాల పక్కనే రూజ్‌వెల్ట్ ఎల్క్‌లనే పెద్ద జింకలు మేస్తుంటాయి. ఆపైన జెడెడయా స్మిత్ పార్కు. దాన్ని ఒరుసుకుంటూ పారే స్మిత్ నది ప్రధాన ప్రవాహానికి ఒక్క ఆనకట్టా అడ్డులేదు.

ఈ పార్కుల్లో క్యాంపు చేసేవారికి ఎలుగుబంట్ల గురించి హెచ్చరిస్తారు, తిండిని ఇనుప పెట్టెల్లో దాచమంటారు. అంతకన్నా గట్టిగా చెప్పాల్సింది మార్బుల్డ్ మ్యూర్లెట్ గురించి. సముద్రంలో చేపలు పట్టుకునే ఈ చిన్న పక్షి గుడ్డు పెట్టడానికి మాత్రం అడవికి ఎగిరొస్తుంది. గూడు కట్టదు. ముసలి చెట్టు కొమ్మ మీది నాచులో ఏడాదికి ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడుతుంది. క్యాంపుల్లో రాలిన తిండికి జే పక్షులు, బొంతకాకులు మూగుతాయి. మెతుకులు తిని, ఆ ఒక్క గుడ్డునూ తినేస్తాయి.

బే ఏరియా నుంచి పులిహోర డబ్బాలతో వచ్చే మన కుటుంబాలకు ఒక్క మనవి: లేచే ముందు బల్ల కింద రాలిన ప్రతి మెతుకూ ఏరండి, పిల్లల చేతా ఏరించండి.