పొన్నైలో పోలండు పులుసు

చిత్తూరు సీమలో నీవా యని పిలువబడు ఏరు, సరిహద్దు దాటి మా యూరు చేరునప్పటికి పొన్నై యను పేరు దాల్చి, పిదప పాలారులో కలియుచున్నది. నీరు అదియే, ఇసుక అదియే. పేరు మాత్రము వేరు. ఈ యేటి యొడ్డున తరతరములుగా కాపురమున్న తెలుగు కుటుంబముల స్థితియు ఇట్టిదే. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడునంతవరకు ఆ సీమయు మా సీమయు ఉత్తరార్కాటు జిల్లాలోనివే; ఆ జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణము. తరువాత జిల్లాలు వేరైనవి. 1953లో ఆంధ్రరాష్ట్రము అవతరించినప్పుడు రాష్ట్రములును వేరైనవి. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ప్రాంతము మదరాసు రాష్ట్రములో చేరుటతో సరిహద్దు మరల సవరింపబడినది. గీతలు ఎన్ని మారినను మా పొయ్యిలు మాత్రము కదలలేదు.

వీధిలో మేము తమిళము మాటలాడుదుము. కార్యాలయమున ముప్పది యేండ్లకు పైగా తమిళమునను ఆంగ్లమునను దస్తావేజులు వ్రాసితిమి. ఈ రెండు భాషలును మాకు అన్నము పెట్టినవి. వానియెడ మాకు కృతజ్ఞతయే కాని కొరత లేదు. అయినను వంటయింటి గడప దాటిన తోడనే మాకు తెలుగే వచ్చును. పొరుగింటి రసము మా యింట చారు. వారి కుళంబు మాకు పులుసు. వారి కళి మాకు సంగటి. ఉద్యోగము విరమించిన పిమ్మట మాకు దొరికిన ఆసనము ఆ గడప యొద్ది పీటయే గనుక, ఈ ముసలి గుమాస్తాకు వంటతో పనియేమని పాఠకులు నవ్వకుందురు గాక. ఆ పీటపై కూర్చుండి మేము చూచిన యొక సంగతిని ఇచట మనవి చేయుచున్నాము.

మా యింట పేరుపడిన వంటకము పప్పుండల పులుసు. తమిళ సోదరులు దీనిని పరుప్పు ఉరుండై కుళంబు అందురు. శనగపప్పును, కొంచెము కందిపప్పును రెండు గంటలు నానబెట్టి, ఎండు మిరపకాయలు, సోంపు చేర్చి బరకగా రుబ్బవలెను. మెత్తగా రుబ్బిన ఉండలు గట్టిపడును; నీరెక్కువైన విడిపోవును. రుబ్బిన పిండిలో సన్నగా తరిగిన ఉల్లి, కరివేపాకు, కొబ్బరి కోరు కలిపి, నిమ్మకాయ ప్రమాణమున ఉండలు చేయుదురు. చింతపండు పులుసు బాగుగా మరుగునప్పుడు ముందుగా ఒక్క ఉండను మాత్రమే వేసి చూతురు. అది విడిపోక నిలిచెనా, తక్కినవి వేయుదురు. విడిపోయెనా, పిండిలో చారెడు బియ్యపు పిండి చేర్తురు. ఉండలు వేసిన పిమ్మట గరిట పెట్టరాదు. మొదట మునిగిన ఉండ ఉడికి తనంతట తానే పైకి తేలును. ఇది మా తల్లిగారు నేర్పిన క్రమము.

మా రెండవ కుమార్తె పోలండు దేశములోని వ్రోత్స్వాఫ్ నగరమున ఒక సంస్థలో ఉద్యోగము చేయుచున్నది. గత మార్గశిర మాసమున సెలవుపై వచ్చినప్పుడు ఆమె, “నైనా, ఆడ చలికాలంలో మేము తాగే పులుసు ఒగసారి చేసి పెడతా, తిని చూడండి” అనినది. ఆ పులుసును వారు బార్ష్చ్ అందురట. దానికి పులుపు చింతపండు వలన గాక, పులియబెట్టిన బీట్‌రూటు నీటి వలన వచ్చును. పోలండువారు డిసెంబరు 24వ తేదీ రాత్రి మాంసము ముట్టక, తేటగా నుండు ఈ ఎర్రని పులుసులో చిన్న ఉండలు వేసికొని భుజింతురు. ఎండు పుట్టగొడుగులు దట్టించి మడిచిన ఆ ఉండల పేరు ఉష్కా. చిన్న చెవులని దాని యర్థము. వానికంటె పెద్దవి, అర్ధచంద్రాకారము గలవి పియెరోగి. తక్కిన దినములలో కూరగాయలు, గింజలు వేసి చిక్కగా కాచుకొందురు. అట్టిది ఒక గిన్నెడు త్రాగిన అన్నము అక్కరలేదట. పనికి పోవువారు గడ్డకట్టించిన కుడుముల సంచులను అంగడిలో కొని ఫ్రీజరులో నుంచుకొని, కావలసినప్పుడు తీసి ఉడికించుకొందురు.

అమ్మాయి వచ్చిన మరునాడే నాలుగు బీట్‌రూటులను చెక్కుతీసి, బిళ్ళలుగా కోసి, వెల్లుల్లి, మిరియాలు, బిర్యానీ ఆకు చేర్చి మా ఊరగాయ జాడీలో వేసినది. లీటరు నీటికి రెండు చిన్న చెంచాల ఉప్పు. ముక్కలు నీట మునిగి యుండవలెను. పైకి తేలినచో బూజు పట్టును. ఆ చలిదేశమున వారము దినములు పట్టునది మా పొన్నైలో నాలుగవ నాటికే పులిసినది. మూత తీయగానే వచ్చిన వాసన చూచి మా గృహిణి, “ఇది మన తరవాణి వాసనే గదా!” అనినది. ఆ దేశమున రై ధాన్యపు పిండిని నీట పులియబెట్టి కాచు జూరెక్ అను పులుసు మరియొకటి కలదట. గంజిని పులియబెట్టి త్రాగిన మన పెద్దలు దానిని చూచిన వింతపడి యుండరు.

కుడుముల విషయమున మాత్రము మొదట చిక్కు కలిగినది. వేలూరి అంగడిలో కూరగాయలు దట్టించిన మోమోల పొట్లమును, గడ్డకట్టినదానిని, అమ్మాయి కొనినది. దినపత్రికలలో చుట్టి తెచ్చినను గంటకు పైబడిన బస్సు ప్రయాణములో మంచు కరగి, అవి ఒకదానికొకటి అంటుకొన్నవి. విడదీయబోగా చినిగినవి, మరుగు నీట వేయగా లోని కూర వెలికి వచ్చి నీటిలో తిరుగుచుండెను. అమ్మాయి చిన్నబోయినది. అంతట మా గృహిణి కొంగు బిగించి, “వాటి ఆకారం చెప్పమ్మా” అని యడిగి విని, “ఇది కజ్జికాయే గదా! నూనెలో పోవాల్సింది నీళ్లలో పోతావుంది, అంతే” అనినది. తమిళులు సోమాసి యనునదియు ఇదియే.

మైదాపిండిని గోరువెచ్చని నీటితో తడిపి అరగంట నాననిచ్చిరి. ఉడికించిన ఉర్లగడ్డ, వేచిన ఉల్లి, విరిగిన పాలముద్ద, మిరియాల పొడి కలిపి లోపలి కూర సిద్ధము చేసిరి. అంచులను మడచు నేర్పు మా గృహిణికి ఎన్నో దీపావళుల నుండి అలవడినదే. పిండి చల్లిన పళ్ళెములో ఒకదానినొకటి తాకకుండ పేర్చి ఫ్రీజరులో నుంచిరి. గట్టిపడిన తరువాతనే సంచిలో వేయవలెనట. ముందే వేసినచో మోమోల గతియే పట్టును. మరునాడు వానిని కరగనీయక, గడ్డకట్టినవి గడ్డకట్టినట్లే వెడల్పు గిన్నెలో మరుగుచున్న ఉప్పు నీట వేసిరి. ఒక్కసారిగా అన్నియు వేసిన నీటి మరుగు ఆగి కుడుములు జావయగును గనుక, అయిదారు చొప్పున వేసిరి. అడుగంటకుండ ఒక్కమారు మెల్లగా కదిపిరి. మునిగినవి పైకి తేలినవి. తేలిన పిమ్మట మూడు నిమిషములుంచి తీసిరి.

వేరొక గిన్నెలో క్యారెట్టు, కోసుకూర, ఉర్లగడ్డ, బీట్‌రూటు ఉడుకుచుండెను. అచ్చటి తెల్ల చిక్కుడు గింజలకు బదులు మా అలసందలు వేసితిమి. కుడుములను పులుసులోనే ఉడికింపరాదా యని మేమడుగగా, పిండి దిగి పులుసు తేట చెడునని అమ్మాయి చెప్పినది. బీట్‌రూటు పులినీటిని చివరకు, పొయ్యి తగ్గించిన పిమ్మట పోయవలెను; మరల మరిగినచో ఎరుపు పోయి మట్టిరంగు వచ్చును. పైన పెరుగు మీగడ, కొత్తిమీర. కారమునకు అలవడిన మా నాలుకకు మొదటి గుక్క చప్పగా తోచినది. రెండవ గిన్నె మేమే అడిగితిమి.

పులుసులో వేయు క్యారెట్టు మొదలగు కూరలన్నింటిని కలిపి పోలండు భాషలో ఇటలీవారి వస్తువు లను అర్థము వచ్చు ఒకే మాటతో పిలుతురట. 1518లో పోలండు రాజును వివాహమాడి వచ్చిన ఇటలీ రాకుమారి బోనా వలన అవి ప్రచారమునకు వచ్చినవని వారు చెప్పుకొందురు. మనము సీమచింత, సీమవంకాయ అనుట వంటిదే ఇది. వంటకములు దేశములు దాటుట వింత గాదు. దాటినదానికి మన భాషలో పేరుంచుకొనుటయే ముఖ్యము.

ఈ మాట పోలండువారికి బాగుగ తెలియును. 1772, 1793, 1795 సంవత్సరములలో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా రాజ్యములు ఆ దేశమును మూడు విడతలుగ పంచుకొనెను. 1918లో మరల స్వతంత్రమగు వరకు, 123 యేండ్లు, పటమున పోలండు అను రాజ్యమే లేదు. భాష మాత్రము ఇండ్లలో నిలిచినది. 1901లో ప్రష్యా పాలనలోని వ్జెష్న్యా పట్టణమున, మతపాఠమును జర్మను భాషలో చెప్పుటకు నిరాకరించిన పిల్లలు బడిలో దెబ్బలు తినిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున సోవియట్ దేశమునకు తరలింపబడిన పోలండువారిలో కొందరికి మన దేశమే ఆశ్రయమిచ్చినది. జామ్‌నగరు సమీపమున బాలాచడిలో, 1942 మొదలు, వందలాది బాలబాలికలు తలదాచుకొనిరి. కొల్హాపూరు చెంత వలివడె శిబిరమున, 1943 నుండి 1948 వరకు, ఇంచుమించు అయిదువేలమంది నివసించిరి. ఆ మరాఠీ సీమలోనే వారు పోలిష్ బడులు నడపుకొని తమ పిల్లలకు తమ అక్షరములు నేర్పిరి. మన మదరాసులోనే వాండా దినోవ్స్కా యను పోలండు విదుషి 1944లో ఒక గ్రంథమాలను స్థాపించి, భారతీయ గ్రంథములను తన భాషలో వెలువరించెను.

ఇంతకును మా యింటి సంగతి ఇది. తిరుగు ప్రయాణమునకు రెండు దినములు ముందు అమ్మాయి పప్పుండల పులుసు క్రమమును తనతో కొనిపోవ దలచినది. మా తల్లిగారు పాత లెక్కల పుస్తకమున తమ చేతివ్రాతలో వంటలన్నియు వ్రాసియుంచిరి. అమ్మాయి ఆ పుటను ఫోనులో చిత్రము తీసికొని, కొంతసేపు చూచి, “నైనా, ఇదంతా నాకు బొమ్మల మాదిరి వుంది. అవ్వ ఏం రాసిందో చదివి చెప్పు” అనినది. తెలుగు ఇంపుగా మాటలాడు పిల్ల. చదివిన పాఠశాలలో తెలుగు విభాగము లేదు. అవ్వ యొడిలో పెరిగి, అవ్వ చేతి ముద్ద తిని, అవ్వ వ్రాసినది చదువలేకుండుట చూచి మా మనస్సు కలుక్కుమనినది.

మేము చదువుచుండగా ఆమె ఆంగ్లాక్షరములలో వ్రాసికొనినది. మరల చదివి చూచునప్పటికి పప్పుండ కాస్త ‘పప్పుందా?’ అయినది, ఆ లిపిలో రెండును ఒక్కటే. తమిళ లిపిలో వ్రాయబోగా గిద్దె ‘కిత్తె’ యైనది. అందరమును నవ్వితిమి. నవ్వు ఆగిన పిమ్మట ఆమెయే, “అక్షరాలు నేర్పు నైనా” అనినది. ఆ రెండు దినములును, ఆమె వెడలిన పిమ్మట ఆదివారముల ఫోనులోను, పాఠము సాగినది. మా పాఠ్యపుస్తకము మా తల్లిగారి వంటల పుస్తకమే. ఉ తో ఉప్పు, ప తో పప్పు, చ తో చింతపండు. మూడు నెలలకు ఒక ఆదివారమున ఆమె తానుగా కూడబలుకుకొని, సోలెడు శనగపప్పు మొదలు ఉండలు తేలువరకు ఆ పుట నంతయు చదివి వినిపించెను. గిద్దె యనగా నెంత యని మాత్రము అడిగెను. సోలలో నాలుగవ వంతని చెప్పితిమి.

కుడుములను ఫ్రీజరులో నెలల తరబడి దాచవచ్చును. భాషను అట్లు దాచ వీలులేదు. దానిని నిత్యము పొయ్యిపై నుంచవలసినదే. 2006లో వచ్చిన చట్టముచే తమిళనాటి పాఠశాలలలో తమిళము ఒకటవ తరగతి మొదలు క్రమముగ తప్పనిసరి యైనది. మన పిల్లలు తమిళము చక్కగా నేర్వవలెను. ఈ నేలపై బ్రతుకువారికి అది ధర్మము. తెలుగక్షరములకు బడిలో చోటు దొరకనిచోట ఇంటిలోనే చోటు చూపవలెను. దానికి పెద్ద యేర్పాట్లక్కరలేదు. మన సంఘమునకు చెందిన ప్రతి కుటుంబమును తన యింటి వంటలు పదింటిని తెలుగు లిపిలో, పెద్దల నోటి మాటలలోనే, గిద్దె సోల కొలతలతో సహా వ్రాయించి, పిల్లలచే బిగ్గరగా చదివించి, ఆ చదివినదానిని ఆదివారమున వండించిన చాలును. అక్షరము తప్పు చదివిన పులుసే చెప్పును. అట్టి పుటలను వచ్చు సంచికలో ప్రకటింప సంఘ కార్యవర్గమును కోరుచున్నాము. ముందుగా మా తల్లిగారి పప్పుండల పులుసు పుటను పంపుటకు మేము సిద్ధముగా నున్నాము. ప్రతిని అమ్మాయియే తన చేతితో తెలుగులో వ్రాయుచున్నది.