చేపలు పట్టే పిల్లి

నాగార్జున సాగర్ నీటిని 1967లో కాలువలకు వదిలారు. ఆ నీటితో మిర్యాలగూడ, కోదాడ పొలాలు పండుతున్నవి. మిగిలిన నీరు ఎక్కడికి పోతుందో తెలుసునా?

దిగువన కృష్ణానది పాయలుగా చీలి, హంసలదీవి ప్రాంతాన సముద్రంలో కలుస్తుంది. అక్కడ కృష్ణా అభయారణ్యంలో మడ అడవి ఉన్నది. పోటుకు నేల మునుగుతుంది, ఆటుకు బురద తేలుతుంది. మడచెట్ల వేళ్ళు గాలికోసం మేకుల్లాగా బురదపైకి లేచి ఉంటాయి. వాటి నడుమ చేపపిల్లలు, పీతలు పెరుగుతాయి. రాత్రివేళ అక్కడికి బావురుపిల్లి వస్తుంది. మన ఇంటిపిల్లికి నీళ్ళంటే భయం. ఇదైతే నీళ్ళలోకి దూకి చేపను పట్టుకుంటుంది!

మడ అడవికి ఉప్పునీరు ఒక్కటే చాలదు. నది తెచ్చే మంచినీరు, ఒండ్రు కూడా కావాలి. ఎగువన నీరంతా ఆపితే ఆ అడవి చిక్కిపోతుంది. కనుక సాగర్ నీటిలో పొలానికీ వాటా ఉన్నది, బావురుపిల్లికీ ఉన్నది.