చివరి మడి

1931లో పూర్తయిన నిజాంసాగర్ పక్కనే మా మహమ్మద్‌నగర్. తూము దగ్గరి మడి ముందు తడుస్తుందనీ, చివరి మడి ఎదురు చూస్తుందనీ మాకొకరు చెప్పనక్కరలేదు. టెలిఫోను తీగ మీది ఇంటర్నెట్టుదీ అదే నీతి. ఎక్స్ఛేంజికి దూరమైనకొద్దీ రాగితీగలో సంకేతం నీరసిస్తుంది.

2014లో మా ఇల్లు అలాంటి చివరి మడే. తమ్ముడికి వేగం కావాలి. అమ్మకు కువైట్‌లోని అన్నయ్య మాట కావాలి.

“జోరు తగ్గినా మంచిదే బిడ్డా, మాట తెగొద్దు,” అంది అమ్మ.

సెకనుకు 24 మెగాబిట్ల దాకా పోగల ఏడీఎస్ఎల్2 ప్లస్‌ను రౌటరులో పక్కనపెట్టి, 8 మెగాబిట్లతో ఆగే పాత జీడీఎంటీని ఎంచాను. దూరాన త్వరగా సన్నగిల్లే పై తరంగాల జోలికి అది పోదు. తమ్ముడు మూతి ముడిచాడు.

ఆ రాత్రి అన్నయ్య దగ్గు సైతం స్పష్టంగా వినిపించింది. మిరియాల కషాయం ఎలా కాచుకోవాలో అమ్మ పావుగంట చెప్పింది. మాట ఒక్కసారీ తెగలేదు.